నాలుగు ఒక్కపొద్దులు

మక్తల్,
15 ఫిబ్రవరి 2023

దీప్తి గారికి జానమ్మ వందనాలు.

కోడలిని "గారు" అంటుందేమిటని అనుకుంటావేమో. సొంతవాళ్ళయితే వచ్చినప్పుడు ఇంత తిని పోతారు. తినకుండా పోయేవాళ్ళను నేను గారు అనే పిలుస్తాను.

ఫోన్ చేయరాదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. మీ మామ ఫోన్ పట్టుకొని అరగంట ముచ్చట పెడతాడు, నాకు మాత్రం "అందరు మంచిగున్నరంట" అని ఒక్క ముక్క చెప్పి బయటికి పోతాడు. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు బైబిలు చదవడానికే కాదు, కోపం రాయడానికి కూడా పనికొస్తాయి. ఉత్తరమంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా ఐలేశం సారు నేర్పాడు. అందుకే ఇట్లా రాస్తున్నాను.

మొన్న ఆదివారం కోత పండుగకు మీరు ముగ్గురూ వచ్చారు. సంతోషం. మన సొంత రెండెకరాల్లో పండిన మొదటి పల్లి అది. గంపెడు కాయలు మీ మామ నెత్తిన పెట్టుకొని చర్చికి తెచ్చాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక పెద్ద గంజు నిండా ఉడకబెట్టి అందరికీ నా చేత్తోనే పంచాను. గ్రేస్ ఒక గింజ నోట్లో వేసుకుంది. నువ్వు వాకిలి అటు చివర నుంచి ఉరికి వచ్చి, బిడ్డ దవడలు పట్టి నోరు తెరిచి, వేలు పెట్టి ఆ గింజను తీసి పారేశావు. అందరూ చూశారు. అయ్యగారి భార్య నిర్మలమ్మ నా పక్కనే ఉంది. "ఏందక్కా, మన చేతిది తినొద్దా పిల్ల?" అన్నది. ఆమె గట్టిగా అన్నది కాబట్టి నాకు కూడా వినబడింది.

ఇక నీ సంగతి. జొన్నరొట్టె, పల్లితొక్కు ముందు పెడితే "ఇయ్యాల ఒక్కపొద్దు అత్తమ్మా" అన్నావు. మీ పెళ్ళయి ఆరేళ్ళు. నాలుగు సార్లు మా ఇంటికి వచ్చావు, నాలుగు సార్లూ ఒక్కపొద్దే. ఒకసారి మంగళవారం, ఒకసారి శుక్రవారం, ఒకసారి బుధవారం, ఇప్పుడు ఆదివారం. వారంలో ఇంకా మూడు రోజులే మిగిలాయి.

ఒక్కటే అడుగుతున్నాను. మా ఇంట్లో తినడం నీకు ఇష్టం లేదా? లేకపోతే లేదని రాయి. తిట్టను. కానీ నా మనవరాలికి ఆ బుద్ధి నేర్పకు.

విజేందర్ తల్లి,
జానమ్మ


నందికొండ,
22 ఫిబ్రవరి 2023

అత్తమ్మకు, మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో నా టేబుల్ మీదికే వచ్చింది. చదివి బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఇన్నాళ్ళు దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. విజేందర్ మీకు చెప్తానని ఎన్నోసార్లు అన్నాడు. నేనే వద్దన్నాను. తప్పు ఆయనది కాదు.

నాకు పల్లీ పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఏడేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో పల్లిపట్టి తిన్నాను. కాసేపటికే మొహమంతా ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మా అమ్మ నన్ను కొంగు కప్పి అవతలికి తీసుకుపోయి, చుట్టాలందరికీ "పురుగు ముట్టింది" అని చెప్పింది. ఆడపిల్లకు ఏదో రోగం ఉందని మా ఊరు కల్వకుర్తి అంతా తెలిస్తే సంబంధాలు రావని ఆమె భయం. ఎవరి ఇంటికి పోయినా, ఏం పెట్టినా ఒక్కపొద్దు అనమని ఆ రోజే నేర్పింది. మా వైపు ఆ మాట అంటే ఎవరూ బలవంతం చేయరు. పైగా పిల్లకు భక్తి ఎక్కువని మెచ్చుకుంటారు. అట్లా అలవాటైపోయింది.

గ్రేస్‌కు కూడా అదే వచ్చింది. రెండేళ్ళప్పుడు పక్క క్వార్టర్‌లో ఎవరో చిన్న ముక్క తినిపిస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, వాంతులు చేసుకొని, ఊపిరి అందక నీలబడింది. నల్గొండకు తీసుకుపోయాం. డాక్టర్ దీన్ని అలర్జీ అన్నాడు. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, గోధుమలు, సోయా, నువ్వులు, జీడిపప్పు, పల్లీలు, ఎక్కువ మందికి పడనివి ఇవేనట. ఒకరికి ఒకటి పడదు, ఇంకొకరికి ఇంకొకటి. పడనిది లోపలికి పోతే ఒళ్ళు దాన్ని శత్రువు అనుకొని కొట్లాడుతుందట. ఆ కొట్లాటలో గొంతు ఉబ్బితే ప్రాణం కూడా పోవచ్చన్నాడు.

అందుకే ఆ రోజు అట్లా ఉరికి వచ్చాను. బిడ్డకు ఏదో లోపం ఉందని, అది నా నుంచే వచ్చిందని మీరు అంటారేమోనని చెప్పలేదు. క్షమించండి.

మీ కోడలు,
దీప్తి


మక్తల్,
4 మార్చి 2023

దీప్తి గారికి,

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించాను. "నిజమే అయి ఉంటది, ఊకో" అన్నాడు. ఆయన అందరినీ నమ్ముతాడు. అందుకే ఇద్దరి వంతు అనుమానం నేనే పడాల్సి వస్తుంది.

పాలు, గుడ్లు, గోధుమలు, చేపలు! మనుషులు తినేవన్నీ ఆ డాక్టర్ చిట్టాలో ఉన్నాయి. ఇక మిగిలింది ఆకాశం నుంచి పడే మన్నా ఒక్కటే. ఈ ఊళ్ళో పల్లీ తిని చచ్చినవాళ్ళను నేను చూడలేదు. పల్లీ దొరకక కడుపు మాడ్చుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

నీకు ఒక సంగతి రాస్తాను. విజేందర్ కూడా నీకు చెప్పి ఉండడు, వాడికి అప్పుడు మూడేళ్ళు. పటేలు చేన్లో పల్లికాయ తెంపడానికి పోయేవాళ్ళం. పొద్దుగూకి ఇంటికి వచ్చేముందు ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి కొంగు విప్పి దులిపి చూపించాలి. పిల్లలను కూడా వదిలేవాళ్ళు కాదు. పటేలు మనిషి ఒకడు వాళ్ళ నోళ్ళు తెరిపించి చూసేవాడు. ఒకరోజు విజేందర్ నోట్లో వేలు పెట్టి నమిలిన గింజ బయటికి తీశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనలేదు. అంటే తెల్లారి పనికి పిలవరు.

మొన్న చర్చి వాకిట్లో మళ్ళీ చూశాను. ఈసారి గింజ మన చేనిది. వేలు నీది.

పటేలమ్మ కూడా మమ్మల్ని తక్కువ వాళ్ళని ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు. "ఇయ్యాల మడి", "ఇయ్యాల నోము", "ఇయ్యాల ఒంట్ల బాగ లేదు" అనేది. రోజుకో కారణం. కారణాలు చెప్పేవాళ్ళను నమ్మడం నాకు రాదు, ఏం చేయను?

నువ్వు రాసింది నిజమైతే ఒక పని చెయ్యి. మే నెలలో చర్చిలో వేసవి బైబిలు బడి పెడుతున్నారు. గ్రేస్‌ను రెండు వారాలు నా దగ్గరకు పంపు. పల్లీ పెట్టకుండా సాకుతాను. నువ్వు కాపలాకు రావద్దు. మా చేతి అన్నం తినడానికి అడ్డం పల్లీ ఒక్కటే అయితే, పల్లీ లేని అన్నం తింటుంది కదా. పంపకపోతే నాకు జవాబు దొరికినట్టే.

జానమ్మ


నందికొండ,
24 ఏప్రిల్ 2023

అత్తమ్మకు నమస్కారాలు.

ఏడు వారాలు జవాబు రాయలేకపోయాను. ఆ నోట్లో వేలు సంగతి చదివాక ఏం రాయాలో తెలియలేదు. విజేందర్‌ను అడిగితే తనకేమీ గుర్తు లేదన్నాడు. తర్వాత పవర్‌హౌస్ డ్యూటీకి పోతూ గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

గ్రేస్‌ను పంపుతున్నాను. మే ఒకటిన విజేందర్ తెచ్చి దిగబెడతాడు. నాకు ధైర్యం ఉండి పంపడం లేదు. భయపడుతూనే పంపుతున్నాను. ఈ మాట మీకు తెలియాలి.

కోపం తెచ్చుకోకుండా ఇది చదవండి. పల్లీ గింజ ఒక్కటే కాదు, పల్లినూనె కూడా వద్దు. కూరల్లో పల్లిపొడి వద్దు. చట్నీలు, కొట్లో అమ్మే పట్టీలు, మిక్చర్, బయట నూనెలో వేయించినవి ఏవీ వద్దు. పక్కవాళ్ళు ప్రేమతో పెట్టినా వద్దు. అన్నం, పప్పు, పెరుగు, గుడ్లు, జొన్నరొట్టె అన్నీ తింటుంది. పెదవులు ఉబ్బినా, ఒళ్ళు దురద పెట్టినా, వాంతులైనా, గొంతు మారినా ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకుపోండి. పల్లీ అలర్జీ అని చెప్తే తొడకు సూది వేస్తారు. పసుపు రాయడం, దిష్టి తీయడం పెట్టుకోవద్దు. ప్రార్థన తర్వాత చేయవచ్చు, ముందు దవాఖాన. ఇదంతా పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి బిడ్డ బ్యాగులో పెట్టాను.

రాత్రి దాన్ని పక్కలో పడుకోబెట్టుకొని, మీ దగ్గర ఏమేం తినకూడదో అప్పజెప్పించాను. అన్నీ సరిగ్గా చెప్పి, చివరకు "అవ్వకు కోపం వస్తే?" అని అడిగింది. రాదని చెప్పాను.

దీప్తి


మక్తల్,
6 మే 2023

దీప్తికి,

గారు తీసేశాను. చూసుకో.

నీ కాగితం గోడకు అంటించాను. ప్రార్థన తర్వాత అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. మేము మోకాళ్ళ మీద కూర్చొని బిడ్డను చావనిస్తామని అనుకున్నావా? మీ మామ "ఆమె భయం ఆమెది" అని సర్దిచెప్పాడు. సరే, కాగితం తీసేయలేదు.

పల్లీ బస్తాలన్నీ మీ మామ తమ్ముడు గుర్వయ్య ఇంటికి మోయించాను. నా ఇంట్లో మొదటిసారి పొద్దుతిరుగుడు నూనె కొన్నాను. దానికి రుచీ లేదు, వాసనా లేదు. నిర్మలమ్మ నవ్వింది. "జర్రంత జర్రంత పెడితే అలవాటైతదక్కా" అని సలహా చెప్పింది.

గ్రేస్ పొద్దున బైబిలు బడికి పోయి, మధ్యాహ్నం ఆకలితో వస్తుంది. నా వెల్లుల్లి కారం దానికి బాగా నచ్చింది. మిక్సీది కాదు, నేను కాపురానికి వచ్చిన కొత్తలో కొన్న రోలులో నూరుతాను. మిరపకాయ, వెల్లుల్లి, ఉప్పు, అంతే. పల్లీ ముచ్చటే లేదు. వేడన్నంలో నెయ్యి వేసి కలిపితే రెండోసారి అడుగుతుంది. నిన్న మూతి చుట్టూ కాస్త ఎర్రబడింది, కారం ఎక్కువైందేమో అనుకొని తగ్గించాను. మెడ మీద చెమటకాయలు లేచాయి. ఈ ఎండలకు ఎవరికి లేవవు? కొబ్బరినూనె రాశాను.

నా చేతి అన్నం తింటోంది. నేను చూస్తూ కూర్చుంటున్నాను. నువ్వు పంపినందుకు నా మనసులో చాలా బరువు దిగింది.

మీ అత్తమ్మ,
జానమ్మ


నందికొండ,
18 మే 2023

జానమ్మ గారికి,

మీరు ఆరో తారీఖున రాసిన ఉత్తరం తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం వచ్చింది. మూతి ఎర్రబడింది అన్న దగ్గరే చదవడం ఆపేశాను. మామయ్యకు ఫోన్ చేద్దామని తీసేలోగా విజేందర్ నుంచే ఫోన్ వచ్చింది. మామయ్య అప్పటికే చెప్పారట. గ్రేస్‌ను మక్తల్ దవాఖాన నుంచి మహబూబ్‌నగర్‌కు తీసుకుపోతున్నారని.

బస్సులో ఆరు గంటలు. ఆ ఆరు గంటలు ఎట్లా గడిచాయో నేను ఎవరికీ చెప్పను. ప్రతి స్టేజీ దగ్గరా బిడ్డ బతికి ఉందో లేదో తెలియకుండానే దిగేవాళ్ళను, ఎక్కేవాళ్ళను చూస్తూ కూర్చున్నాను.

బిడ్డ బతికింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది. నిద్రలో ఉలిక్కిపడుతోంది. అన్నం ముందు పెడితే ముందు వాసన చూస్తోంది.

దవాఖాన వరండాలో నిర్మలమ్మ గారు విజేందర్‌తో అన్న మాట నేను విన్నాను. "జర్రంత పెట్టి చూడుమని నేనే చెప్పిన, గింత అయితదని ఎరుక లేదు బిడ్డా" అని ఏడ్చింది. మీరు నన్ను పరీక్ష పెట్టారు. నేను అబద్ధం చెప్తున్నానో నిజం చెప్తున్నానో తేల్చుకోవడానికి నా బిడ్డ నోట్లో పల్లీ పెట్టారు. ఇంతకంటే ఆ చేన్లో కొంగు దులపమన్నవాళ్ళే నయం. వాళ్ళు నోట్లోంచి తీశారు.

ఇది రాయకూడదని తెలుసు. అయినా రాస్తున్నాను. ఇక మీదట గ్రేస్ మీ ఇంటికి రాదు. విజేందర్ రావాలనుకుంటే వస్తాడు.

దీప్తి


మక్తల్,
27 మే 2023

దీప్తికి,

నీ ఉత్తరంలో ఆ కొంగు మాట చదివి రెండు రోజులు మంచం దిగలేదు. మీ మామ ఏమైందని అడిగాడు. చదివి వినిపించలేదు. మొదటిసారి ఆయన దగ్గర ఒక ఉత్తరం దాచాను.

నేను పల్లీ పెట్టలేదు. బైబిలు మీద ఒట్టు వేయను, మా దాంట్లో ఒట్లు వేయవద్దని ఉంది. నమ్మితే నమ్ము.

జరిగింది రాస్తాను. ఆ రోజు పొద్దున నిర్మలమ్మ వచ్చి, బైబిలు బడి పిల్లల భోజనానికి పల్లిపొడి దంచుకుంటాను, రోలు కావాలన్నది. గ్రేస్ అప్పటికే చర్చికి పోయింది కదా అని దంచుకోమన్నాను. తర్వాత చెంబెడు నీళ్ళు పోసి కడిగాను. అందులోనే వెల్లుల్లి కారం నూరాను. మహబూబ్‌నగర్‌లో డాక్టరమ్మ అడిగేదాకా అది నాకు తప్పని తెలియదు. నీ కాగితం మీద నూనె అని ఉంది, పొడి అని ఉంది, రోలు అని లేదు. నలభై ఏళ్ళు ఆ రాతిలో పల్లీ దంచాను. నీళ్ళు పోస్తే పోతుందనుకున్నాను. ముందు రోజుల ఎర్రమూతి కూడా అందుకేనట. ఇప్పుడు ఆ రోలును మీ మామ, గుర్వయ్య మోసుకుపోయి చేనుగట్టున పడేశారు.

ఇంకొక మాట ఉంది. నువ్వు అడగలేదు. కానీ రాయకపోతే నాకు ప్రార్థన కూడా సాగడం లేదు.

గ్రేస్ నాలుగు ముద్దలు తిని మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. ఏదో అంటోంది, నాకు వినబడలేదు. పెదవులు చూసి తెలుసుకుందామంటే ఆ పెదవులే ఉబ్బిపోయాయి. అప్పుడు నాకు మొదట భయం వేయలేదు, దీప్తీ. నిజమే అనుకున్నాను. కోడలు రాసింది నిజమే, మమ్మల్ని చీదరించుకోలేదు అనుకున్నాను. సంతోషపడ్డాను. ఎంతసేపు అంటే ఏం చెప్పను, చేతిలో చెంబు కింద పెట్టి లేచేంత సేపు. నా మనవరాలికి ఊపిరాడడం లేదు, నేను సంతోషంగా ఉన్నాను.

తర్వాతే భయం వచ్చింది. దాన్ని చంకలో వేసుకొని చెప్పులు లేకుండా రోడ్డు మీదికి ఉరికాను. మా వాడ సైదులు ఆటోకు అడ్డం నిలబడి ఆపాను. నీ కాగితం గోడ మీద నుంచి చింపుకొని పట్టుకుపోయాను, నా మాట ఎవరికైనా అర్థం అవుతుందో లేదోనని. ప్రార్థన ఆటోలోనే చేశాను. దవాఖాన దిక్కు పోతూనే చేశాను. అక్కడ సిస్టర్ కాగితం చదివి ఒక్క మాట కూడా అడగకుండా తొడకు సూది వేసింది. ఆ కాగితం రాసినందుకే బిడ్డ బతికింది. బతికించింది నువ్వు, నేను కాదు.

గ్రేస్‌ను పంపమని అడగను. ఆ ఒక్క నిమిషం తర్వాత అడిగే ముఖం నాకు లేదు.

జానమ్మ


నందికొండ,
6 జూన్ 2023

అత్తమ్మకు,

మీ ఉత్తరం చదివి మొదట చించేద్దామనుకున్నాను. బిడ్డకు ఊపిరాడకుంటే సంతోషపడ్డ మనిషికి జవాబు ఎందుకు అనుకున్నాను. విజేందర్‌కు ఇచ్చాను. చదివాడు. తర్వాత "మా అమ్మ గిది రాయకుండ ఉంటే నీకు ఎన్నడన్న తెలుస్తుండెనా?" అని అడిగాడు. తెలిసేది కాదు.

అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఎందుకంటే నా దగ్గర కూడా ఎవరికీ తెలియనిది ఒకటి ఉంది. విజేందర్‌కు కూడా నిన్ననే చెప్పాను.

పెళ్ళయిన వారానికి మొదటిసారి మీ ఇంటికి వచ్చాను. అన్నం, పెసరపప్పు, టమాట చారు పెట్టారు. పల్లీ ఎక్కడా లేదు. నాకు వాసనతోనే తెలిసిపోతుంది, చిన్నప్పటి నుంచి అలవాటు. తాలింపు అంతా నెయ్యివాసనే. నాకు ఆకలి కూడా అవుతోంది. మీరు పీట వేసి, కొత్త స్టీలు పళ్ళెం కడిగి తెచ్చారు. నేను ఒక్కపొద్దు అన్నాను.

ఆ రోజు నన్ను ఆపింది రోగం కాదు. ప్రేమించి పెళ్ళి చేసుకొని, రిజిస్టర్ ఆఫీసులో సంతకం పెట్టి, అందరినీ ఎదిరించి వచ్చినదాన్ని. అయినా మీ చేతి అన్నం దగ్గర చెయ్యి ముందుకు రాలేదు. మా ఇంట్లో పెరిగిన పెంపకం అది. నాకే సిగ్గేసింది. తర్వాత మూడు సార్లు పల్లీ నిజంగానే ఉంది. ఉన్నందుకు నాకు హాయిగా అనిపించింది, ఎందుకంటే అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. మీరు మార్చిలో రాసిన ఉత్తరానికి ఏడు వారాలు జవాబు రాయలేకపోయింది కూడా అందుకే. మీరు అనుమానించింది సగం నిజం. ఆ సగం దాచిపెట్టి, మిగతా సగంతో మిమ్మల్ని తప్పు పట్టాను.

ఇప్పుడు ఆ అడ్డం లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు, కానీ లేదు. ఇది మీరు నమ్మాలని నేను అడగలేను.

గ్రేస్ రోజూ అవ్వ దగ్గరకు ఎప్పుడు పోదామని అడుగుతోంది. మీరు రమ్మంటే ఇద్దరం వస్తాం. వద్దంటే ఎందుకని అడగను.

దీప్తి


మక్తల్,
13 జూన్ 2023

దీప్తికి,

నీ ఉత్తరం చేరింది. మీ మామకు చదివి వినిపించాను, దాచలేదు. ఆయన లేచి చేనుకు పోయాడు.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఉత్తరం వచ్చినప్పటి నుంచి నీతో మనసులో కొట్లాడుతూనే ఉన్నాను. ఇంకా పోలేదు. అది పోయేదాకా ఆగితే బిడ్డ పెద్దదైపోతుంది.

శనివారం రండి. పొద్దున బస్సుకే రండి, వంట ఇద్దరం కలిసి చేద్దాం.

జానమ్మ